పందొమ్మిది ఇళ్ళకి ఒకటే నంబరు

మా ఊళ్ళో పందొమ్మిది ఇళ్ళు. రెండేళ్ళ కిందటి దాకా ఆ పందొమ్మిది ఇళ్ళకీ కలిపి ఒకటే ఫోన్ నంబరు ఉండేది. అది నాది.

ఫోన్లు లేక కాదు, సగం ఇళ్ళలో ఉన్నాయి. సిగ్నల్ మాత్రం మా అరుగు మీదే పడేది. అరకు వెళ్ళే రోడ్డు మలుపులో, కాస్త ఎత్తు మీద మా ఇల్లు. అరుగు మీద కూర్చుంటే కింద కిరండూల్ రైలు పట్టాలు, ఎదురుగా సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ వెనక కొండ వాలులో మిగతా ఊరు కనపడతాయి. వాళ్ళ ఇళ్ళ దగ్గర ఫోను టైము చూసుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికొచ్చేది కాదు. అందుకని ఏ ఆఫీసులోనైనా నంబరు చెప్పమంటే మా ఊరివాళ్ళు నా నంబరు చెప్పేవారు. ఆధార్‌కి అదే, బ్యాంకుకి అదే, గ్యాసు బండకి అదే, పిల్లల హాస్టలుకి అదే, కాఫీ మొక్కలిచ్చే ఆఫీసుకి అదే. నన్నెవరూ అడగలేదు. వరసగా ఎవరెవరి పేర్ల మీదో ఓటీపీలు రావడం మొదలయ్యాక తెలిసింది, నేను ఊరుమ్మడి సొత్తునైపోయానని.

నేను టైలర్ని. పెళ్ళై విజయనగరం పక్క నుంచి వచ్చాను. మా ఆయన అరకు రూట్లో జీపు తోలతాడు. ఊరంతా కొండవాళ్ళు, మేమొక్క ఇల్లే కింది నుంచి వచ్చినవాళ్ళం. కొత్తలో ఆడవాళ్ళు జాకెట్టు గుడ్డ పట్టుకుని వచ్చేవారు, గుమ్మంలోనే నిలబడి కొలతలిచ్చి వెళ్ళిపోయేవారు. కూర్చోమంటే కూర్చునేవారు కాదు. తప్పు వాళ్ళది కాదు. కింది నుంచి వచ్చినవాళ్ళు ఈ కొండల్లో ఏమేం చేశారో వాళ్ళకి తాతల నాటి నుంచి గుర్తు. అలా ఇరవయ్యేళ్ళు ఉన్నాను. ఈ నంబరు పుణ్యమా అని వాళ్ళు నా అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టారు. కూర్చున్నాక అల్లం ఎలా ఊరుతోందో, ఎవరి కోడలు అలిగిందో, ఎలుగుబంటి ఎవరి పనసపళ్ళు తినిపోయిందో అన్నీ నా చెవిన పడేవి. నాకు ముక్కు మీదే కోపం, పైకి విసుక్కునేదాన్ని. లోపల మాత్రం ఎంత సంతోషంగా ఉండేదో మా ఆయనకి కూడా చెప్పలేదు.

ఊరికి నేను చేసిన ఏర్పాటు ఒకటుంది. ఎవరికైనా ఫోనొస్తే కొండ మీదికి కేకలేసి నా గొంతు పోయేది. అందుకని పనసచెట్టుకి పొడుగాటి వెదురు కర్ర కట్టాను. మిషను కింద పడ్డ గుడ్డముక్కల్లోంచి ఇంటికొక రంగు కేటాయించాను. హాస్టల్లో ఉన్న పిల్ల వాళ్ళమ్మ కోసం ఫోను చేస్తే ఆ ఇంటి ముక్క కర్రకి కట్టేదాన్ని. తోటలో కాఫీ పళ్ళు కోస్తున్న తల్లి తలెత్తి చూసి వచ్చేది. ముదురు రంగులన్నీ మగవాళ్ళు ముందే పంచేసుకున్నారు. అందరికంటే ఎత్తున ఉండే ముసలవ్వ మాత్రం గుమ్మడిపువ్వు రంగు కావాలని పట్టుబట్టి, దాని కోసం నేను కొత్త లైనింగు గుడ్డ చింపే దాకా అరుగు దిగలేదు.

ఆ అవ్వ గురించి చెప్పాలి. ముక్కుకి మూడు నత్తులు, భుజం మీద చిన్న గొడ్డలి, నోట్లో ఎప్పుడూ చుట్ట. కొడుకూ కోడలూ ఇంట్లోనే ఉన్నారు, మనవలు పక్కింట్లోనే ఉన్నారు, ఆవిడకి ఫోను చేసేవాళ్ళు ఈ లోకంలో ఎవరూ లేరు. అయినా పొద్దున్నే రాగుల చోడంబలి తాగాక రోజూ కొండ దిగి వచ్చి, నాకు ఫోనొచ్చిందా అని అడిగేది. రాలేదంటే సరే అని అరగంట కూర్చుని, నా కుట్టు వంకరగా ఉందని చెప్పి వెళ్ళిపోయేది. నేను నోరు పారేసుకుంటే రెండింతలు పారేసుకునేది. ఊళ్ళో నన్ను తిట్టేంత చనువు ఆవిడ ఒక్కర్తికే ఉండేది.

ఇలా ఉండగా ఒక గురువారం మధ్యాహ్నం స్కూలు యూనిఫాంలు కుడుతున్నాను. ఫోన్లో మెసేజీ వచ్చింది. పంపింది కింద మా ఊరి వైపు ఆవిడే, వాళ్ళింట్లో పెళ్ళి జాకెట్లన్నీ నేనే కుడతాను. పైన వినాయకుడి బొమ్మ, కింద పెళ్ళి పిలుపు, నొక్కి చూడండి అని ఉంది. పెళ్ళి పిలుపు వచ్చాక తెరవకుండా ఉండే టైలరు ఈ భూమ్మీద లేదు. పెళ్ళికూతురివి ఎన్ని, తల్లివి ఎన్ని, తోడికోడళ్ళు ఎంతమంది, మగ్గం పని ఎవరికి అని నా బుర్ర అప్పటికే కత్తిరింపులు మొదలుపెట్టేసింది. నొక్కాను. అది నన్ను ఏవో అడిగింది. మెసేజీలు చూడొచ్చా అంది, చూసుకో అన్నాను. పేర్లూ నంబర్లూ చూడొచ్చా అంది, చూసుకో అన్నాను. అడిగిన ప్రతిదానికీ సరే అన్నాను, పెళ్ళివారిని గుమ్మంలో నిలబెట్టడం మర్యాద కాదన్నట్టు. ఇంతా చేసి కార్డు తెరుచుకోలేదు. సిగ్నల్‌ని తిట్టుకుని కాజాలు కుట్టుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు శుక్రవారం, అరకు సంత. ఉదయం మొదటి ట్రిప్పు వేసుకుని వచ్చిన మా ఆయన జీపు మా ఇంటి ముందు ఆపి, వెనక నుంచి ముగ్గురు ఆడవాళ్ళని దింపాడు. బొర్రా వైపు కొండ దాటి వచ్చారు, నా దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళే. ఒకావిడ చంకలో కోడిపుంజు, ఇంకొకావిడ నెత్తి మీద గుమ్మడికాయ, మూడో ఆవిడ దగ్గర మూటెడు సామలు. పెళ్ళి ఎప్పుడని అడిగారు. ఎవరి పెళ్ళి అన్నాను. మీ అమ్మాయి పెళ్ళే కదా, నిన్న మీ నంబరు నుంచే పిలుపొచ్చింది, తెరుచుకోలేదు గానీ పెళ్ళని మాత్రం తెలిసింది అన్నారు. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. మా ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. నాకు తెలియకుండా సంబంధం కుదిర్చేశావా అన్నట్టు చూశాడు.

పదకొండు గంటలకల్లా ఇంకో ఎనిమిది మంది వచ్చారు. డప్పులు పట్టుకుని ఇద్దరు వచ్చి ఊరేగింపు ఎక్కణ్ణుంచి మొదలని అడిగారు. పెళ్ళి లేదని ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు, నేనేదో సిగ్గుపడుతున్నానని అనుకున్నారు. ఇక్కడ కోడిపుంజుతో వచ్చినవాళ్ళని కోడిపుంజుతో వెనక్కి పంపకూడదు. చివరికి మా ఆయన ఉల్లిపాయలు కోశాడు, నేను గుమ్మడికాయ కోశాను, పుంజు కూర అయ్యింది. డప్పులవాళ్ళు వచ్చిన శ్రమ ఊరికే పోకూడదని కాసేపు వాయించారు. ఆ చప్పుడు విని అవ్వ గుమ్మడిపువ్వు ముక్క కట్టకుండానే దిగి వచ్చింది. మొహం ధుమధుమలాడుతోంది. దేశమంతటికీ చెప్పి పక్కనున్న ఆవిడకి చెప్పలేదని అలక. పెళ్ళి లేదు అవ్వా అంటే, మరి కూరేటి అంది. కూర తిన్నాక కొంచెం నమ్మింది.

తింటున్నవాళ్ళలో మా స్కూలు టీచరు కూడా ఉన్నాడు. ఆయనకీ నా నంబరు నుంచే పిలుపొచ్చింది, ఆయన మాత్రం తెరవలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి నా ఫోను తీసుకుని చూశాడు. వాట్సాప్ నన్ను బయటికి నెట్టేసి చాలాసేపయ్యింది, ఈ హడావుడిలో నేనే చూసుకోలేదు. ఇది కార్డు కాదమ్మా, కార్డు బొమ్మ వేసుకున్న యాప్ అన్నాడు. నిన్న మీరు దాన్ని లోపల పెట్టుకున్నారు, అది మీ పేరు మీద అందరికీ వెళ్ళింది, మీకొచ్చే ప్రతి మెసేజీ ఇప్పుడు ఇంకెవరో చదువుతున్నారు అన్నాడు.

నా ఫోటోలు పోతే పోయాయి, నా దగ్గర దోచుకోవడానికి పాత మిషను తప్ప ఏముంది. కానీ పందొమ్మిది ఇళ్ళ ఓటీపీలు వచ్చే ఫోను అది. వాళ్ళ బ్యాంకులు, వాళ్ళ కాగితాలు, వాళ్ళ వేలిముద్రల పక్కన రాసిన ఒకే ఒక్క నంబరు. ఏ ఒక్కరికి నష్టం జరిగినా అది నా చేతి మీదుగా జరిగినట్టే. ఇరవయ్యేళ్ళకి వచ్చి కూర్చున్న మనుషులు ఆ తరవాత నా అరుగు ఎక్కుతారా? అదొక్కటే నాకు పట్టుకుంది.

విస్తళ్ళు అలాగే వదిలేసి జీపెక్కాం. అరకు దాకా మా ఆయన ఒక్క వేళాకోళం కూడా ఆడలేదు, దాంతో ఇంకా భయమేసింది. సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటుగా పనిచేసే అమ్మాయి ఆ రోజు సంత రద్దీలోనే కూర్చుని ఉంది. నేను ఏడుస్తూ చెప్పింది సగమే విని, ముందు ఫోను తీసుకుని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి సిమ్ము బయటికి తీసేసింది. గొట్టం పగిలితే ముందు వాల్వు కట్టాలి కదండీ, తరవాత తుడుచుకుందాం అంది. సైబర్ ఫిర్యాదు రాయించింది. నా సిమ్ము మా ఆయన బటన్ల ఫోన్లో వేసి, అక్కణ్ణుంచి నన్ను బ్యాంకుకి పట్టుకుపోయింది. బ్యాంకాయన మా ఊరి పేర్లు ఒక్కొక్కటే తెరిచి చూశాడు. ఆ పొద్దుటే రెండు పేర్ల మీద ఎవరో తలుపు తట్టి చూశారు. ఆ రెంటిలో ఒకటి అవ్వది. ఎవరూ లోపలికి రాకముందే రెంటికీ తాళం వేశాడు, మిగతావాటికీ వేశాడు.

తరవాత ఆ అమ్మాయి నా ఫోనుని పుట్టినప్పటి స్థితికి తీసుకొచ్చింది. వాట్సాప్ నా నంబరుతో మళ్ళీ తెరిచి, దానికి రెండో తాళంగా ఆరంకెల పిన్ను పెట్టించింది. మెయిలు పాస్‌వర్డు మార్పించింది. ఆ నంబరుతో ఇంకెక్కడెక్కడ లోపలికి వెళ్ళి ఉన్నారో చూసి అందర్నీ బయటికి పంపింది. అన్నీ బాగానే జరిగాయి గానీ, నా దగ్గర కుట్టించుకునేవాళ్ళ కొలతలన్నీ ఆ ఫోన్లోనే ఉండేవి, అవన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తరవాత రెండు నెలలు అందర్నీ మళ్ళీ కొలిచాను. అందరూ ఒకటి రెండు అంగుళాలు పెరిగారు, ఒక్కరంటే ఒక్కరు ఒప్పుకోలేదు. పాత టేపే సరైనదన్నారు.

ఇంటికి వచ్చాక పందొమ్మిది ముక్కలూ ఒకేసారి కర్రకి కట్టాను. అలా ఎప్పుడూ కట్టలేదు. తోటల్లోంచి, మడుల్లోంచి అందరూ పరుగున వచ్చారు, ఎవరో పోయారనుకున్నారు. జరిగింది మొదటి నుంచీ చెప్పాను. పెళ్ళి కార్డు దగ్గర ఎవరో నవ్వబోయి మానేశారు. బ్యాంకులో రెండు పేర్ల సంగతి చెప్పేసరికి కూర్చున్నవాళ్ళలో కొందరు లేచి నిలబడ్డారు. పోయిందేమీ లేదని మూడుసార్లు చెప్పాను. వెనక నుంచి ఒకాయన, ఎంతయినా కిందోళ్ళ ఫోను కిందోళ్ళదే అన్నాడు. అరిచి అనలేదు, మామూలుగానే అన్నాడు. అవ్వ వైపు చూశాను. చుట్ట నలిపి పారేసి, లేచి కొండెక్కిపోయింది.

నాలుగు రోజులు ఎవరూ రాలేదు. అంబలి వేళకి నా చెయ్యి మిషను మీద ఆగిపోయేది, చెవులు మెట్ల వైపు ఉండేవి. మా ఆయన నన్ను నవ్విద్దామని, ఇన్నాళ్ళూ విసుక్కున్నావు కదా ఇప్పుడు హాయిగా కాజాలు కుట్టుకో అన్నాడు. ఆ పూట ఆయనతో మాట్లాడలేదు. చారు కూడా పొయ్యలేదు.

అయిదో రోజు ఆ డిజిటల్ అసిస్టెంటు మా ఆయన జీపులోనే వచ్చింది. ఫోనొక్కటే చాలదు, ఇంట్లో ఇంటర్నెట్ పెట్టె కూడా చూడాలి అంది. మా ఆయన క్రికెట్ పిచ్చి వల్ల మా ఇంటికి కేబుల్ వైఫై ఉంది. ఆ పెట్టె ఎక్కడుందని అడుగుతూ అరుగు మీదికి వచ్చిన అమ్మాయి గోడ చూసి నిలబడిపోయింది. మా వైఫై పాస్‌వర్డు గోడ మీద సుద్దముక్కతో నా మూరెడంత అక్షరాల్లో రాసి ఉంది. వచ్చిన ప్రతివాడూ అడుగుతున్నాడని విసిగి మా ఆయన రాశాడు. ఘాట్ రోడ్డు మీద పోయే టూరిస్టులు కూడా కారాపుకుని చూసి రాసుకుని, ఫోటోలు పంపుకుని పోయేవారు. మా పెద్ద మనసుకి మేమే మురిసిపోయేవాళ్ళం. ఆ అమ్మాయి నవ్వాపుకోలేక అరుగు మీద కూలబడింది.

తరవాత పెట్టె ముందు కూర్చోబెట్టి పని మొదలుపెట్టింది. పెట్టెకి కంపెనీవాళ్ళు పెట్టిన తాళం అలాగే ఉంది, ఊరూరా అన్ని పెట్టెలకీ అదే తాళమట. కొత్తది పెట్టమంది. మా ఆయన జీపు నంబరన్నాడు. ఆ జీపు వెనక వేలాడని మనిషి ఈ కొండల్లో ఉంటే చూపించమన్నాను. అమ్మాయి పుట్టినరోజన్నాడు. అదీ అందరికీ తెలుసు, చాక్లెట్లు పంచేది నేనే కదా. చివరికి నేను లోపలికి పోయి, ఒక మనిషి మెడ, చేతి పొడుగు, నడుము కొలతలు కలిపి పెట్టాను. ఆ కొలతలు నాకు తప్ప ఆ మనిషికి కూడా తెలియవు. ఎవరివని మా ఆయన ఇప్పటికీ అడుగుతాడు. చెప్పను.

ఊరివాళ్ళని కూడా పిలవమంది ఆ అమ్మాయి. నేను పిలిస్తే రారేమోనని ఆ అమ్మాయే కొండెక్కి ఇంటింటికీ పోయి పిలిచింది. వచ్చారు గానీ అరుగు మీద కూర్చోలేదు, వాకిట్లో నిలబడ్డారు. అవ్వ కూడా వచ్చి పనసచెట్టుకి ఆనుకుని నిలబడింది. ఆ అమ్మాయి చక్కగానే మొదలుపెట్టింది. ఈ పెట్టెలో రెండు వైఫైలు పెట్టాను, ఒకటి ఇంటివాళ్ళ ఫోన్లకి, రెండోది గెస్టులకి, గెస్టు నెట్‌వర్కులో ఉన్నవాళ్ళు ఇంటి నెట్‌వర్కులోకి రాలేరు అని చెప్పింది. ఎవరి మొహంలోనూ కదలిక లేదు. ఇంకోసారి చెప్పింది. ఎవరో ఆవలించారు.

అప్పుడు అవ్వ చుట్ట నోట్లోంచి తీసింది. "లోపలి గదిరా," అంది అందరితో. "మనింటికెవులైనా వత్తే అరుగు మీద కూకోబెడతాం. నీల్లిత్తాం, అంబలిత్తాం. పెద్దలుండే లోపలి గదిలోకి రానిత్తామేటి? ఈ పెట్టిలో కూడా అరుగొకటి, లోపలి గదొకటి. అదీ కత."

ఈ ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళినా అంతే. పొయ్యి దాటాక ఒక చీకటి గది ఉంటుంది, చనిపోయిన పెద్దలు అందులో ఉంటారని నమ్మకం, ఇంటివాళ్ళు తప్ప ఎవరూ అడుగు పెట్టరు. ఇరవయ్యేళ్ళలో నేను ఒక్క ఇంట్లోనూ పెట్టలేదు. అవ్వ ఆ ముక్క అనేసరికి అందరి తలలూ ఒకేసారి ఊగాయి. ఆ అమ్మాయి చేతిలో కాగితం మడిచేసి, మిగతాదీ మీరే చెప్పండి అవ్వా అంది. అవ్వ నా వైపు తిరిగింది.

"నువ్వేటి సేసినావు? పెల్లిపిలుపనగానే లోపలి గది తలుపులు బార్లా తీసీసినావు."

వాకిలంతా గొల్లుమంది. నేను కూడా నవ్వాను, అయిదు రోజుల తరవాత మొదటిసారి. అవ్వ నవ్వలేదు. ఆ రోజు వెనక నుంచి మాటన్నాయన ఎక్కడున్నాడో వెతికి పట్టుకుని, ఆయన మొహం మీదే అడిగింది. "దొంగోడు టైలరమ్మింటికొచ్చినాడు. దొంగొచ్చిన ఇంటిని దొంగిల్లంటామేట్రా?" ఆయన తల గోక్కున్నాడు. గోక్కుంటూనే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నేను టీ పెట్టడానికి లోపలికి పోయి, పాలు పొంగిపోయే దాకా ఏడ్చాను.

కానీ అసలు కష్టం ఆ తరవాత వచ్చింది. ఆ అమ్మాయి వెళ్తూ వెళ్తూ ఒక మాట ఖరాఖండిగా చెప్పింది. ఎవరి ఓటీపీ వాళ్ళకే రావాలి, ఎవరికీ చెప్పకూడదు, టైలరమ్మకైనా సరే చెప్పకూడదు. ఊరంతా ఒకే నంబరు మీద ఉంటే ఒక్క తాళం పగిలితే పందొమ్మిది ఇళ్ళూ పోతాయి, అందరూ సొంత నంబర్లు తీసుకోండి అంది. అది నిజమని నాకూ తెలుసు. శుక్రవారం సంతలో గొడుగు కింద కూర్చుని సిమ్ములిచ్చే అతని దగ్గరికి మా ఆయన జీపులో వారానికి ఇద్దర్ని, ముగ్గుర్ని తీసుకెళ్ళాను. ఆ మధ్యే పై కొండ మీద టవరు లేచి వాళ్ళ ఇళ్ళ దగ్గర కూడా సిగ్నల్ పడుతోంది, అందుకని బటన్ల ఫోన్లు కొనిపించాను. ఆఫీసులన్నీ తిప్పి నా నంబరు కొట్టేయించి వాళ్ళవి రాయించాను. నా తప్పుకి అదే పరిహారం అనుకుని ఒళ్ళు వంచి తిరిగాను. ఒక్కో నంబరు పోతున్న కొద్దీ నా ఫోను మోగడం తగ్గింది. అరుగెక్కే మనుషులూ తగ్గారు. కోపంతో కాదు, పనిలేక. వైఫై కోసం వచ్చేవాళ్ళు తల వంచుకుని ఫోను చూసుకుంటారు, అల్లం సంగతి ఎవరు చెప్తారు? నా ఫోను భద్రంగానే ఉంది. నా అరుగు మాత్రం బోసిపోయింది. ఎవరితోనైనా చెప్పుకుంటే నవ్వుతారని ఊరుకున్నాను.

అందరూ అయ్యాక అవ్వ ఒక్కర్తీ మిగిలింది. ఒక శుక్రవారం అల్లం తవ్వాలంది. ఇంకో శుక్రవారం మోకాలు నొప్పంది. ఆ పై వారం వేలిముద్ర పడదు, గొడ్డలి పట్టి పట్టి గీతలు అరిగిపోయాయంది. రోజూ మాత్రం కొండ దిగి వచ్చి ఫోనొచ్చిందా అని అడుగుతూనే ఉంది. డిజిటల్ అసిస్టెంటు కనపడ్డప్పుడల్లా ఆ ఒక్క పేరూ ఇంకా మీ నంబరు మీదే ఉందండీ అని నన్ను గుర్తుచేస్తూనే ఉంది. చివరికి నాకు కోపం వచ్చి అవ్వ మీద విరుచుకుపడ్డాను. ఆ రోజు ఎవడో నీ పేరు మీదే వచ్చాడు, మళ్ళీ వస్తే నేనేం చెయ్యను, నీకేమైనా అయితే నేను ఈ ఊళ్ళో తలెత్తుకుని ఉండగలనా అని కేకలేశాను.

అవ్వ నా కేకలన్నీ అయ్యే దాకా ఆగింది. "నాకు సొంత నంబరొత్తే," అంది, "నీ ఇంటికి ఏ పని మీద రావాల? పని నేకుండా ఒకలింటికి ఎల్తారేటి?"

ఊరికే రా అవ్వా అన్నాను. ఊరికే వచ్చేది చుట్టాలే అని గొణిగి లేచి వెళ్ళిపోయింది.

రెండు వారాలకి ఒక శుక్రవారం నేను పిలవకుండానే ఉతికిన చీర కట్టుకుని వచ్చి జీపు ముందు సీట్లో కూర్చుంది. సంతలో సిమ్ములతను ఆవిడ బొటనవేలు నాలుగుసార్లు తుడిచి పెట్టించాడు, అయిదోసారికి పడింది. ఫోటో తీయడానికి కళ్ళార్పమంటే, నువ్వార్పు అంది. అంతా అయ్యాక, కొత్త సిమ్ముకి ఇంకో నంబరు కూడా ఇవ్వాలమ్మా, దానికి ఓటీపీ వస్తుంది అన్నాడు. అవ్వ నా నంబరు చెప్పింది. అతను ఫోన్లో అంకెలు కొడుతూ, తల ఎత్తకుండానే, ఈ నంబరు ఎవరిది, మీకేమవుతారు అని అడిగాడు.

అవ్వ అతన్ని తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూసింది.

"మా గుంటది," అంది.

అతను తల ఎత్తాడు. అవ్వ ముక్కున మూడు నత్తులు చూశాడు, నా కింది ఊళ్ళ చీరకట్టు చూశాడు, నా నెరిసిన తల చూశాడు. కూతురు అని కొట్టాడు. ఓటీపీ వచ్చిందా అమ్మా, చదవండి అన్నాడు. వచ్చింది. ఫోను నా చేతిలోనే ఉంది, అంకెలు మాత్రం ఒకదాని మీద ఒకటి కదిలిపోతున్నాయి. ఒకసారి తప్పు చదివాను. కళ్ళు తుడుచుకుని రెండోసారి చదివాను, అదీ తప్పేనన్నాడు. అవ్వ నా చేతిలోంచి ఫోను లాక్కుని అతని మొహం ముందు పెట్టి, బేగి కానీ, అవతల జీపెల్లిపోద్ది అంది.